కొలత దీపం

మా కాలేజీలో దీపాల వెలుగు కొలిచే ల్యాబ్ ఒకటి ఉంది. బల్బులు తయారుచేసేవాళ్ళు డబ్బా మీద ఇన్ని ల్యూమెన్ల వెలుగు అని గొప్పగా అచ్చు వేసుకుంటారు. అది నిజమో కాదో కొలిచి చెప్పడం మా పని. చెప్పి, కింద సంతకం పెట్టాలి. మొన్న దసరా దాకా ఆ సంతకం పెట్టే అర్హత కాలేజీ మొత్తంలో నా ఒక్కదానికే ఉండేది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ల్యాబుకు గుర్తింపు ఇచ్చే సంస్థ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మా హెచ్.ఓ.డి. డాక్టర్ ప్రసన్నకుమార్ గారిని మూడు ప్రశ్నలు అడిగాడు. మొదటిదానికి డాక్టరు గారు నవ్వారు. రెండోదానికి టీ తెప్పించారు. మూడోదానికి, "మా వినీల చెబుతుందండి" అన్నారు. నేను చెప్పాను. లిస్టులో నా పేరు పడింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను "సిగ్నేటరీ మేడం గారు" అని నలుగురిలో పిలిచి నవ్వించేవారు. నవ్వేవాళ్ళకు ఆయన నవ్వు తప్ప విషయం అక్కర్లేదు కాబట్టి నవ్వేవారు.

నేను డిప్లొమా మీద బీటెక్ చేసిన మనిషిని. మా నాన్న చిట్టియ్య ద్రాక్షారామం దగ్గర మా ఊళ్ళో కూలి పనికి వెళ్తాడు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. పట్టా వచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా పేరు చదివి ప్రార్థన చేయిస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అందుకని సంతకం అనేది నాకు పెన్ను ఆడించే పనిగా ఎప్పుడూ అనిపించలేదు. డాక్టరు గారికి అలాగే అనిపించేది. ఆయన పది కాగితాలు ఒకేసారి ముందు పెట్టించుకుని, ఫోన్లో మాట్లాడుతూ, మూలలు మాత్రం ఎత్తి సంతకాలు చేసేవారు.

ల్యాబులో మనిషి ఎత్తున ఒక బోలు గోళం ఉంటుంది. అలమరలా రెండు చెక్కలుగా తెరుచుకుంటుంది. లోపలంతా సున్నంలాంటి తెల్ల పూత. బల్బును లోపల వేలాడదీసి, తలుపు మూసి, వెలిగిస్తే దాని వెలుగు మొత్తం ఎంతో పక్కనున్న మీటరు చెబుతుంది. అయితే మీటరుకు ముందు లెక్క నేర్పాలి. దానికి ఒక స్టాండర్డ్ ల్యాంపు ఉంటుంది. దాని వెలుగు 1,510 ల్యూమెన్లని పెద్ద ల్యాబువాళ్ళు కొలిచి, సర్టిఫికెట్ ఇచ్చి, పెట్టెలో పెట్టి పంపుతారు. ప్రతి సోమవారం ఆ దీపాన్ని ఇరవై నిమిషాలు వెలిగించి, ఇది 1,510 అని మీటరుకు చెప్పి, ఆర్పేసి, మళ్ళీ పెట్టెలో పెట్టేయాలి. చేతికి గుడ్డ తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. ఏ దీపమైనా వెలిగిన కొద్దీ కొంచెం కొంచెం మసకబారుతుంది కాబట్టి, ఎన్ని గంటలు వెలిగిందో రాసి పెట్టుకోవాలి. యాభై గంటలు దాటితే మళ్ళీ కొలతకు పంపాలి. ఎనిమిది నెలల్లో నేను దాన్ని వెలిగించింది పదకొండు గంటలు.

దసరా ముందు సాయిరామ్ అనే కాంట్రాక్టరు ఐదు వీధిలైట్లు తెచ్చాడు. పంచాయతీలకు సరఫరా చేసే టెండరు. ఒక్కో లైటు 2,400 ల్యూమెన్లు ఇవ్వాలి. నేను కొలిస్తే సగటున 2,190 వచ్చింది. అదే చెప్పాను.

"ఫర్వాలేదులెండి మేడం, చూస్తే తెల్లగా బాగానే కనబడుతున్నాయి కదా" అన్నాడు సాయిరామ్.

"చూసి చెప్పేదయితే ఈ గోళం ఎందుకండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను, ఎందుకో!" అని నవ్వి వెళ్ళాడు. అతను మా కరస్పాండెంటు జోగేశ్వరరావు గారి మేనల్లుడు. అంచేత అతని నవ్వు మా కాలేజీలో కాస్త ఎక్కువ వినబడుతుంది.

దసరా సెలవులకు నేను మా ఊరు వెళ్ళాను. సెలవులయ్యాక సోమవారం ఉదయం తొమ్మిదింటికి వచ్చేసరికి ల్యాబు తలుపు దగ్గర సాయిరామ్, డాక్టరు గారు నిలబడి ఉన్నారు.

"కొత్త శాంపిల్స్ అంట. ముందు వీళ్ళవి కానిచ్చేయ్, వినీలా" అన్నారు డాక్టరు గారు.

బీరువాలోంచి స్టాండర్డ్ ల్యాంపు తీశాను. గాజు లోపల పల్చగా పొగ పట్టినట్టు అనిపించింది. తుడిచే వీలున్న పొగ కాదది. కానీ వెనకాల ఇద్దరు నిలబడి వాచీలు చూసుకుంటుంటే మనసులో పడ్డ అనుమానానికి నిలబడే చోటుండదు. వెలిగించాను. మీటరుకు లెక్క చెప్పాను. లైట్లు ఒక్కొక్కటే పెట్టాను. సగటు 2,436.

"పాస్!" అని డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. అంత చదువుకున్న మనిషి అలా చప్పట్లు కొట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను లైట్ల వెనక నంబర్లు చూశాను. రిజిస్టరు చూశాను. అవే నంబర్లు.

"ఇవి పాతవే కదండీ?"

"లోపల సరుకు మార్చారండి. స్టిక్కరు పాతదే అంటించారు" అన్నాడు సాయిరామ్, రెప్ప వేయకుండా. "రిపోర్టు సాయంత్రానికి ఇచ్చేస్తారా మేడం? శుక్రవారం టెండరు."

వాళ్ళిద్దరూ స్వీట్ల సంగతి మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళారు. అప్పుడు నేను నా చెక్ బల్బు తీశాను. అది మామూలు తొమ్మిది వాట్ల బల్బు, కిరాణా కొట్లో కొన్నది. ప్రతి సోమవారం లెక్క సరిచేశాక దాన్ని కొలిచి ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ముప్పై మూడు సోమవారాలుగా అది 842కు మూడు అటో ఇటో చూపిస్తోంది. ఆ రోజు 936 చూపించింది.

కిరాణా కొట్టు బల్బుకు పండగ సెలవుల్లో వెలుగు పెరగదు. పెరిగిందని మీటరు అంటోందంటే, మీటరుకు లెక్క చెప్పిన దీపమే తగ్గిపోయిందన్నమాట.

అటెండరు తలుపులమ్మను పిలిచాను. ఆమె స్టీలు గ్లాసుల ట్రే పట్టుకుని వచ్చింది.

"తలుపులమ్మ గారూ, సెలవుల్లో ఈ బీరువా ఎవరైనా తీశారా?"

"తీశారు కదమ్మా. అమ్మవారికి పెట్టారు కదా."

"ఏం పెట్టారు?"

"ఆ గాజు బుడ్డి. ల్యాబులోనే కలశం పెట్టి తొమ్మిది రోజులూ పూజ చేశారు. కరస్పాండెంటు గారు వచ్చి, ఈ కాలేజీలో అన్నిటికన్నా ఖరీదైన దీపం ఏది అని అడిగారంట. డాక్టరు గారు ఇది చూపించారు. ఇంత ఖరీదైంది పెట్టెలో దాచుకోడమేంటయ్యా, ముందు అమ్మవారికి వెలిగించండి అన్నారు. పగలూ రాత్రీ ఆరకుండా వెలిగింది. ఎంత కళగా ఉందో! బొట్టు కూడా పెట్టాం."

"బొట్టా?"

"ఆయ్. మళ్ళీ నేనే తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టానమ్మా. నువ్వు జాగ్రత్త మనిషివని నాకు తెలుసు కదా."

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిది రోజులు, రోజుకు ఇరవై నాలుగు గంటలు. రెండు వందల పదహారు గంటలు.

డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన కాజా నములుతున్నారు.

"సర్, స్టాండర్డ్ ల్యాంపు పూజలో వెలిగించారంట."

"ఆ, వెలిగించాం. నువ్వేం కంగారు పడకు. మామూలు ప్లగ్గులో పెడితే పోతుందని నాకు తెలీదా ఏంటి? దాని పవర్ సప్లై నేనే దగ్గరుండి సెట్ చేశాను. కరెంటు పాయింటు కూడా అటూ ఇటూ కాలేదు." ఈ మాట ఆయన గర్వంగానే చెప్పారు.

వెలుగు తగ్గిపోయిందని చెప్పాను. చెక్ బల్బు లెక్క చూపించాను. బోర్డు మీద బొమ్మ వేశాను. భాగహారం చేసి చూపించాను. నలభై నిమిషాలు. ఆయన చివరికి, "అయితే మన మీటరు ఇంప్రూవ్ అయిందంటావా?" అన్నారు.

"లేదు సర్. ఇప్పుడు మనం ఏది కొలిచినా పదకొండు శాతం ఎక్కువ చూపిస్తుంది. ఆ లైట్లు ఫెయిలే. నేను సంతకం పెట్టలేను."

ఆయన చేతులు తుడుచుకున్నారు. "మీటరు పాస్ అంది. నువ్వు ఫెయిల్ అంటున్నావు. నీకన్నా మీటరుకి ఎక్కువ తెలుసు కదమ్మా, సిగ్నేటరీ మేడం? సాయంత్రం కరస్పాండెంటు గారు రమ్మంటారు. అక్కడ చెప్పుకో."

వచ్చేస్తుంటే తలుపులమ్మ మెట్ల దగ్గర ఆపింది. "ఎందుకమ్మా నీకీ గొడవ? గమ్మున ఓ గీత గీసి పారేయరాదా? లైటు ఎలిగితే చాలదా ఎవడికైనా?"

"ఆ గీత కింద నా పేరుంటుంది తలుపులమ్మ గారూ."

"పేరుకేమవుద్ది? ఉద్యోగానికి కదా అయ్యేది" అందామె. ఆమె చెప్పింది అబద్ధం కాదు. సంతకం పెడితే దొంగ రిపోర్టు. పెట్టకపోతే నాన్న ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నమంతా ఈ రెండే తలలో తిరిగాయి. అన్నం డబ్బా విప్పలేదు.

జోగేశ్వరరావు గారిది రాజమండ్రిలో మూడు తరాల పప్పుల వ్యాపారం. కాలేజీ పెట్టాక కూడా ఉదయం కొట్టుకు వెళ్ళి కూర్చుని, సాయంత్రమే ఇక్కడికి వస్తారు. నేను వెళ్ళేసరికి ఆయన ముందు డాక్టరు గారు, సాయిరామ్ కూర్చుని ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు.

"ఏంటమ్మాయ్, పాసైనవాటిని ఫెయిలంటున్నావంట?"

"ఫెయిలని రిపోర్టు ఇస్తాననట్లేదండి. ఇప్పుడు ఏదీ కొలవలేను అంటున్నాను."

"అంత గుండు కొనిచ్చాను కదా, అందులో పెట్టి కొలిచెయ్."

"చూశారా మావయ్యా, అమ్మవారికి వెలిగించాకే మనవి పాసయ్యాయి. ఆవిడ మహిమ. ఈవిడకి అది గిట్టట్లేదు" అన్నాడు సాయిరామ్.

నేను అతని వైపు చూడలేదు. "అండీ, మీ కొట్లో కేజీ రాయి ఉంటుంది కదా. అది అరిగి తొమ్మిది వందల గ్రాములైందనుకోండి..."

ఆయన నన్ను పూర్తి చేయనివ్వలేదు. "తొమ్మిది వందల పప్పు కేజీ తూగుద్ది."

"ఆయ్. మన స్టాండర్డ్ ల్యాంపు ఆ రాయిలాంటిదండి."

"దీపం అరుగుద్దా?"

"వెలిగిన కొద్దీ అరుగుద్దండి. అందుకే పెట్టెలో పెట్టేది."

నా నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో సోమవారమే కిందికి దిగుతూ వచ్చి, చివరి అంకె దగ్గర వేలు ఆపారు. పీహెచ్‌డీకి నలభై నిమిషాల్లో ఎక్కని ముక్క పప్పులు తూచినాయనకు ఒక్క మాటలో ఎక్కింది. నాకు ఆ క్షణంలో ఆయన మీద గౌరవం కలిగింది. ఎంతోసేపు ఉండలేదు.

"ఏమండీ డాక్టరు గారూ, ఇది మీకు తెలీదా?"

"తెలుసండి" అన్నారు డాక్టరు గారు. "తమరు ముచ్చటపడ్డారు కదా అని..."

ముచ్చట! పొద్దుట నేను బోర్డు మీద వేసిన బొమ్మలన్నీ ఈయనకు ముందే తెలుసు. లేదా ఇప్పుడూ తెలియదు, తెలియదంటే పరువు పోతుందని తెలుసన్నారు. రెంటిలో ఏది నిజమైనా ఆ మనిషి కింద మూడేళ్ళు పనిచేశానని సిగ్గేసింది.

జోగేశ్వరరావు గారు నోటుబుక్కు మూశారు. "మా కొట్లో మూడు తరాల నుంచి తూకం కేసు ఒక్కటి లేదు. సరే, రాయిని ముద్రకి పంపినట్టు దీన్నీ పంపించండి. వచ్చేదాకా కొలతలు ఆపేయండి."

"మావయ్యా, శుక్రవారం..."

"టెండరు వాయిదా వేయించుకో. నీకు తెలియని విద్యా?" అని, నా వైపు తిరిగారు. "పంపడానికి ఏం చెయ్యాలి?"

"ఫారం నింపాలండి. మన గుర్తింపు సంస్థకు కూడా కాపీ పంపాలి. దీపం ఎందుకు చెడిందో కారణం రాయాలి."

"ఏం రాస్తావ్?"

"జరిగింది రాస్తానండి."

"కరెంటు హెచ్చుతగ్గులు అని రాస్తే సరిపోతుంది" అన్నారు డాక్టరు గారు, ఇంతసేపటికి తన సబ్జెక్టు వచ్చినట్టు.

జోగేశ్వరరావు గారు గొంతు తగ్గించారు. "చూడమ్మాయ్. అమ్మవారికి వెలిగించి చెడగొట్టామని కాగితం మీద రాస్తే ఎలా ఉంటుంది? అందులోనూ నువ్వు రాస్తే?"

అందులోనూ నువ్వు అన్నప్పుడు ఆయన చూపు నా బొట్టు లేని నుదుటి మీద ఉంది. ముగ్గురూ అక్కడే చూశారు. తూకం రాయి అర్థమైన మనిషికి ఈ ముక్క ఎందుకు అర్థం కాలేదో నాకు తెలియదు. అర్థమయ్యే అన్నారేమో.

"అమ్మవారి పేరు రాయనండి" అన్నాను. "స్విచ్ వేసింది ఆవిడ కాదు కదా. వేసినవాళ్ళ పేరు రాస్తాను."

సాయిరామ్ కుర్చీలో వెనక్కి వాలి, "అబ్బో, ఎంత ఎటకారమో!" అన్నాడు.

అది ఎటకారం కాదు. ఆ ఫారంలో కారణం అని ఒక గడి ఉంది, బాధ్యులు అని ఇంకో గడి ఉంది. మొదటిదానిలో, కొలతతో సంబంధం లేకుండా 216 గంటలు వెలిగించారు అని రాశాను. రెండోదానిలో డాక్టర్ ప్రసన్నకుమార్ అని రాశాను. పూజ గురించి అడిగే గడి లేదు, రాయలేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టి పంపేశాను. అది ఆ ల్యాబులో నా చివరి సంతకం.

వారం తిరక్కుండా నన్ను ఎగ్జామ్ బ్రాంచికి మార్చారు. జవాబు పత్రాల మీద బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించే పని. లిస్టులో నా పేరు తీసేసి డాక్టరు గారి పేరు పెట్టమని కాలేజీ రాసింది. దానికి ఆయన మళ్ళీ ఇంటర్వ్యూకు కూర్చోవాలి. ఆయనకు చదువు చెప్పమని నాకు ఆర్డరు వచ్చింది. కాగితం మీద, నంబరుతో సహా.

చెప్పాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా, పన్నెండు రోజులు. ఆయన రెండు వందల పేజీల కొత్త నోటుబుక్కు కొనుక్కుని, స్కేలుతో మార్జిన్లు కొట్టుకుని వచ్చారు. నేను ఏం చెప్పినా, "ఇది ఇంపార్టెంటా?" అని అడిగేవారు. ఇంపార్టెంటు అంటే ఎర్ర ఇంకుతో రాసేవారు. మూడో రోజుకు బుక్కంతా ఎర్రగా అయింది. ఎక్కడో తప్పు చెబుదామనే ఆలోచన నాకు రాకపోలేదు. ఒక్క తప్పు నేర్పిస్తే చాలు, ఇంటర్వ్యూలో మళ్ళీ టీ తెప్పించుకునేవారు. కానీ తప్పు చెప్పడం నాకు చేతకాదు, చదువు మీద నాకు భయం ఉంది. అన్నీ సరిగ్గానే చెప్పాను. సంతకం పెట్టినవాడే తప్పుడు రిపోర్టుకు జవాబుదారీ, అతని పేరు ఆ సంస్థ దగ్గర శాశ్వతంగా ఉంటుంది అన్న నిబంధన కూడా చెప్పాను. దాన్ని ఆయన రెండుసార్లు రాసుకున్నారు.

ఆయన పాసయ్యారు. ఆ రోజు స్టాఫ్‌రూములో ఇచ్చిన స్వీట్లు నా బల్ల దాకా రాలేదు.

ఫిబ్రవరిలో స్టాండర్డ్ ల్యాంపు తిరిగి వచ్చింది. సర్టిఫికెట్లో 1,358. నేను లెక్క కట్టిన అంకెకు ఒక్క ల్యూమెను కూడా తేడా లేదు. మర్నాడే సాయిరామ్ అవే ఐదు లైట్లు పట్టుకుని దిగాడు. టెండరు అతను చెప్పినట్టే వాయిదా పడింది. డాక్టరు గారు నాకు కబురు పంపారు. "ఒక్కసారి వచ్చి పక్కన నిలబడు, చాలు."

పక్కన నిలబడ్డాను. ఆయనే వెలిగించారు, ఆయనే కొలిచారు. ఎక్కడా తప్పు చేయలేదు. సగటు 2,188.

"కొంచెం ఎర్రర్ ఉంటుంది కదా?" అని అడిగారు నన్ను.

"ఉంటుంది సర్. నలభై అటూ ఇటూ. ఇంటర్వ్యూలో మీరే చెప్పారు."

"2,400 అని వేసేయండి డాక్టరు గారూ" అన్నాడు సాయిరామ్. "ఈ అమ్మాయిని మార్పించింది అందుకే కదా."

డాక్టరు గారు రిపోర్టు తీశారు. ఈసారి మూల ఎత్తి చూడలేదు. పై నుంచి కింది దాకా పెదవులు కదుపుతూ చదివారు. అడుగున తన పేరు అచ్చయి ఉంది. పెన్ను మూత తీశారు. పెట్టారు. మళ్ళీ తీశారు. ఏసీ గదిలో ఆయన మెడ వెనక చెమట పట్టింది.

"వినీలా, ఈ ఒక్కదానికి నువ్వు పెట్టెయ్యమ్మా. నీకు అలవాటే కదా."

"లిస్టులో నా పేరు లేదు సర్."

"ఏంటండీ ఇది, ఒక్క గీతకి ఇంత ఆలోచనా?" అన్నాడు సాయిరామ్.

"నీదేం పోయిందయ్యా!" డాక్టరు గారు ఒక్కసారిగా అరిచారు. "నీ పేరుందా దీని మీద? పోతే పోయేది నా పేరు!"

2,188 అని రాశారు. ఫెయిల్ అని రాశారు. సంతకం పెట్టారు. పెట్టి, ఎవరో బలవంతాన వేలిముద్ర వేయించుకున్నట్టు ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నారు.

సాయిరామ్ లైట్లు అట్టపెట్టెలో పడేసుకుని, ఈసారి మావయ్య పేరు కూడా ఎత్తకుండా వెళ్ళిపోయాడు. డాక్టరు గారు నా వైపు చూశారు. ఏదో మెచ్చుకోలు వస్తుందని ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ చూపు. ఆ మనిషి ఆ రోజు నిజాయితీపరుడేమీ అయిపోలేదు. దడుచుకున్నాడు, అంతే. ఆ దడుపుకు నేను దండం పెట్టాలా?

"సర్, నేను వెళ్తానండి. ఇంకా నాలుగు కట్టలు స్టిక్కర్లు అంటించాలి" అని చెప్పి వచ్చేశాను.